ముందు ఊహ చెప్పించండి, తర్వాత చెయ్యనివ్వండి: చిన్నపిల్లల సైన్స్ మీద పాఠకుల ప్రశ్నలు

ఈసారి ఉత్తరాలన్నీ దాదాపు ఒకే విషయం చుట్టూ తిరిగాయి. పిల్లల చేత ఏదో ఒకటి చేయిస్తూ సైన్స్ ఎలా నేర్పాలి, చేయించాక ఏం మిగులుతుంది, తేడా వస్తే ఏం చెయ్యాలి అని. కొన్ని ప్రశ్నలు ఒకేలా ఉన్నాయి కాబట్టి కలిపేశాను. పేర్లు వేయొద్దన్నవాళ్లు ఎక్కువమంది ఉన్నారని ఎవరివీ వేయలేదు.

ప్రశ్న: మా అబ్బాయికి ఐదేళ్లు. మట్టితో కొండలా చేసి, లోపల వంట సోడా వేసి, వెనిగర్ పోసి అగ్నిపర్వతం చేశాం. వాడు గంతులేశాడు. ఇంకోసారి, ఇంకోసారి అంటూ సీసా ఖాళీ అయ్యేదాకా వదల్లేదు. మర్నాడు "ఏం నేర్చుకున్నావురా" అని అడిగితే "బుస్సుమంది" అన్నాడు, అంతే. ఇందులో సైన్స్ ఏమైనా ఉందా, ఉత్త ఆటేనా?

జవాబు: "బుస్సుమంది" అన్న మాటను తీసిపారేయకండమ్మా. ఐదేళ్ల వాడు తను చూసింది, విన్నది ఉన్నదున్నట్టు చెప్పాడు. అక్కడ కొరవడింది వాడి తెలివి కాదు, వాడికో పని. పోసింది మీరు, చూసింది వాడు. "ఇంకోసారి" అన్నాడు చూశారా, సరిగ్గా అక్కడే మీరు మెల్లగా లోపలికి వెళ్లొచ్చు.

ఈసారి కొండ వద్దు. లోపల ఏం జరుగుతోందో కనపడేలా పొడుగాటి గాజు గ్లాసు తీసుకోండి. ఒక చెంచా సోడా వేసి, ఒక చెంచా వెనిగర్ పోస్తే నురగ ఎంతవరకు వస్తుందో పోసే ముందే వేలు పెట్టి చూపించమనండి. వాడు చూపించిన చోట ఒక గీత గీయండి. అప్పుడు వాడి చేత్తోనే పోయించండి. తర్వాత గ్లాసు కడిగి, అంతే సోడాతో రెండు చెంచాల వెనిగర్, ఆ తర్వాత నాలుగు. ప్రతిసారీ ముందు గీత, తర్వాత పోయడం. తన గీత దాకా వస్తుందా రాదా అని చూసే పిల్లవాడి కళ్లు, ఊరికే చూసే పిల్లవాడి కళ్లు ఒకటి కావు. మీకే తెలుస్తుంది.

బుసబుసలు ఆగాక గ్లాసు తాకమనండి, కాస్త చల్లబడి ఉంటుంది. ఆగిపోయిన దాంట్లో ఇంకో చిటికెడు సోడా వేస్తే మళ్లీ పొంగుతుందా? పొంగితే, ఇందాక అయిపోయింది సోడానా, వెనిగరా? ఈ ప్రశ్నకి ఐదేళ్ల వాడు జవాబు కనిపెట్టగలడు. ఇంకో రోజు బెలూన్‌లో సోడా వేసి, సీసాలో కొంచెం వెనిగర్ పోసి, బెలూన్ మూతిని సీసాకి తొడిగి, సోడా సీసాలోకి పడేలా బెలూన్‌ని పైకెత్తి నిలబెట్టండి. బెలూన్ దానంతటదే ఉబ్బుతుంది. ఆ బుడగల్లో ఏదో ఉందని, అది చోటు ఆక్రమిస్తుందని వాడికి అర్థమవుతుంది. దాని పేరు కార్బన్ డయాక్సైడ్ అని వాడు అడిగినప్పుడు చెప్తే చాలు.

కొండ వద్దనడానికి ఇంకో కారణం కూడా ఉంది. నిజం అగ్నిపర్వతం ఇలా పని చెయ్యదు. భూమి లోపల కరిగిన రాయిలో నీటి ఆవిరిలాంటి వాయువులు ఇమిడి ఉంటాయి, పైకి వచ్చేకొద్దీ ఒత్తిడి తగ్గి అవి ఒక్కసారిగా విచ్చుకుంటాయి, దాంతో లావా ఎగదన్నుకొస్తుంది. సోడా కొండ చూసిన పిల్లలు కొండలో వెనిగర్ ఉంటుందనుకుంటే తప్పు వాళ్లది కాదు.

ప్రశ్న: నేను మూడో తరగతికి చెప్తాను. క్లాసులో 43 మంది. ల్యాబ్ లేదు, సామాన్లు కొనడానికి డబ్బులివ్వరు. యాక్టివిటీ మొదలుపెడితే గోల గోల, పక్క క్లాసు నుంచి ఫిర్యాదు, సిలబస్ వెనకబడుతుందని టెన్షన్. శిక్షణలో చెప్పేవాళ్లు ఇరవై మందిని ఊహించుకుని చెప్తారు. నేనేం చెయ్యాలి?

జవాబు: టీచర్ గారూ, మీ కష్టం నిజమైంది, దాన్ని తక్కువ చేసి మాట్లాడను. కానీ గోల ఎప్పుడు వస్తుందో ఒకసారి గమనించండి. ముందు బల్ల మీద మీరొక్కరే చేసి చూపిస్తుంటే, వెనక వరసలవాళ్లకి కనపడదు, చేతిలో ఏమీ ఉండదు, అప్పుడే తోసుకోవడం మొదలవుతుంది. ప్రతి చేతిలో ఒక వస్తువు ఉన్నప్పుడు కూడా శబ్దం ఉంటుంది, కానీ దగ్గరికెళ్లి వింటే వాళ్లు దాని గురించే వాదించుకుంటుంటారు. ఆ శబ్దం ఉండనివ్వండి. పక్క క్లాసు టీచర్‌కి ముందురోజే ఒక మాట చెప్పి పెట్టండి, లేదా పిల్లల్ని ఆరుబయటకి తీసుకెళ్లండి.

43 మందికీ ఇవ్వగలిగిన వస్తువు కాగితం. వాడేసిన కాగితాన్ని పొడుగ్గా చింపి, పైనుంచి సగం దాకా నిలువుగా చీల్చి, ఆ రెండు ముక్కల్ని చెరో వైపుకి వంచి, కింద కొంచెం మడిచి క్లిప్పు పెడితే గిరగిరా తిరుగుతూ దిగుతుంది. అందరూ ఒకసారి వదిలాక అడగండి: రెక్కల్ని అటుది ఇటు, ఇటుది అటు వంచితే ఏమవుతుంది? చేతులెత్తించి ఊహలు బోర్డు మీద రాయండి, ఇన్ని చేతులు ఇటు, ఇన్ని అటు అని. తర్వాతే వదలాలి. తిరిగే దిక్కు మారిపోతుంది, క్లాసంతా అరుస్తుంది. తర్వాత రెక్కలు పొట్టిగా కత్తిరిస్తే? రెండు క్లిప్పులు పెడితే? ఒకసారికి ఒక్కటే మార్చాలి. రెక్కలూ క్లిప్పులూ రెండూ ఒకేసారి మార్చేసిన పిల్లవాడిని తిట్టకండి, "మరి దేనివల్ల వేగంగా పడింది?" అని అడగండి. చెప్పలేకపోతాడు, ఎందుకు చెప్పలేకపోయాడో వాడికే తెలుస్తుంది. ప్రయోగ పద్ధతి మీద పేరా బట్టీ పట్టించినా ఇది రాదు.

నలుగురేసి జట్టు చెయ్యండి. ఒకరు సామాను తేవాలి, ఒకరు చెయ్యాలి, ఒకరు చూసి రాయాలి, ఒకరు క్లాసుకి చెప్పాలి. ముగ్గురు మిగులుతారు, వాళ్లని ముగ్గురి జట్టుగా వదిలేయండి, ఫర్వాలేదు. ఈ పనులు ప్రతిసారీ మారాలి. ఇది మాత్రం పట్టుబట్టి చెప్తున్నాను, ఎందుకంటే మార్చకపోతే చొరవున్న ఒక్కడే ఎప్పుడూ చేస్తుంటాడు, దస్తూరి బాగున్న ఆడపిల్ల ఎప్పుడూ రాస్తుంటుంది, మాట్లాడని పిల్ల సామాన్లు మోస్తూనే ఉంటుంది. చెయ్యి తగలని వాళ్లకి ఆ రోజు కూడా పాఠం చదివినట్టే అవుతుంది.

టైము సంగతి. పీరియడ్‌లో చివరి పావుగంట మాట్లాడుకోవడానికి ఉంచండి. బెల్ కొట్టేస్తారని చాలామంది కోసేసేది దాన్నే, అసలు పాఠం అక్కడే ఉంది. "నువ్వు ఏమనుకున్నావు, ఏమైంది, ఎందుకలా అయ్యుంటుంది" అనే మూడు మాటల మీద ఆ పావుగంట గడిచిపోవాలి. సిలబస్ అంతా చేతులతో చెప్పనక్కర్లేదు, చెప్పలేం కూడా. గ్రహాల మధ్య దూరాలు, పాతకాలపు జంతువులు, ఇలాంటివి మంచి కథలా చెప్పండి. నీడలు, గాలి, నీళ్లు, అయస్కాంతాలు, మొక్కలు, ఇవి మాత్రం చెయ్యనివ్వండి. ఎండలో ఒక కర్ర పాతి గంటకోసారి నీడ చివర సుద్దముక్కతో గుర్తు పెట్టించడానికి ఖర్చేముంది చెప్పండి. నీడ ఎప్పుడు పొట్టిదో, ఎటు జరుగుతోందో వాళ్లే చెప్తారు. భూమి తిరగడం గురించి ఆ రోజే చెప్పెయ్యాలని తొందరపడొద్దు, ముందు నీడ జరుగుతోందన్న సంగతి వాళ్ల సొంతం కావాలి.

ప్రశ్న: పళ్లెంలో నీళ్లు పోసి, మధ్యలో కొవ్వొత్తి వెలిగించి, దాని మీద గ్లాసు బోర్లించాం. కొవ్వొత్తి ఆరిపోయింది, నీళ్లు గ్లాసులోకి ఎక్కాయి. "గాలిలో ఐదో వంతు ఆక్సిజన్, అది కాలిపోయింది కాబట్టి ఆ చోటులోకి నీళ్లు వచ్చాయి" అని మా పాప దగ్గరున్న పుస్తకంలో ఉంది. పాపకి ఎనిమిదేళ్లు. "మరి మంట ఆరిపోయాక కదా నాన్నా నీళ్లు ఎక్కాయి?" అంది. నాకు జవాబు తెలియలేదు.

జవాబు: మీ పాప కళ్లకి దణ్ణం పెట్టాలి. ఎన్నో పాఠ్యపుస్తకాల్లో ఏళ్ల తరబడి అచ్చవుతున్న ఈ వివరణ తప్పు. పాప పట్టుకున్న చోటే పట్టుకోవాలి. ఆక్సిజన్ కాలిపోవడం వల్లే నీళ్లు ఎక్కితే, మంట వెలుగుతున్నంతసేపూ నెమ్మదిగా ఎక్కుతూ ఉండాలి. కానీ మంట ఉన్నప్పుడు నీళ్లు పెద్దగా కదలవు, ఆరిపోయిన వెంటనే జర్రున ఎక్కుతాయి.

అసలు జరిగేది ఇది. గ్లాసు బోర్లిస్తున్నప్పుడే మంట వేడికి దానిలోని గాలి వ్యాకోచిస్తుంది, అంటే ఉబ్బుతుంది, దాంతో కొంత గాలి బయటికి పోతుంది. ఈసారి గ్లాసు అంచు దగ్గర జాగ్రత్తగా చూడండి, నీళ్లలోంచి బుడగలు రావడం కూడా కనపడొచ్చు. మంట ఆరాక లోపలి గాలి చల్లబడి కుంచించుకుపోతుంది. మంట వల్ల పుట్టిన నీటి ఆవిరి కూడా గ్లాసు గోడలకి తేమగా అంటుకుంటుంది. లోపల ఒత్తిడి తగ్గుతుంది, బయటి గాలి నీళ్లని లోపలికి నెడుతుంది. ఆక్సిజన్ కొంత ఖర్చవుతుంది, నిజమే, కానీ దాని బదులు కార్బన్ డయాక్సైడ్ పుట్టి ఆ చోటులో చాలా భాగం నింపేస్తుంది. పైగా కొవ్వొత్తి ఆరిపోయేసరికి గ్లాసులో ఆక్సిజన్ అంతా అయిపోదు, చాలానే మిగిలి ఉంటుంది. మంట నిలవడానికి అది చాలదు, అంతే.

నేను చెప్పానని నమ్మొద్దు, పాపతో కలిసి తేల్చుకోండి. అదే గ్లాసు, అన్నే నీళ్లు, ఈసారి ఒక కొవ్వొత్తికి బదులు పక్కపక్కన మూడు. ఆక్సిజన్ లెక్కే నిజమైతే గ్లాసులో గాలి అంతే కాబట్టి నీళ్లు కూడా ముందు ఎంత ఎక్కాయో అంతే ఎక్కాలి. వేడి లెక్క నిజమైతే ఇంకా పైకి ఎక్కాలి. పాపని ముందే ఏదో ఒక పక్షం ఎంచుకోమనండి, మీరు రెండో పక్షం తీసుకోండి. గ్లాసు మీద కాగితం అతికించి, నీళ్లు ఎక్కిన చోట గుర్తు పెట్టండి. మూడింటితో నీళ్లు ఎక్కువ ఎక్కడం చూశాక, అచ్చయిన మాటని కూడా పరీక్షించొచ్చని ఎనిమిదేళ్ల పిల్లకి తెలుస్తుంది. ఇంత విలువైన సంగతి ఆ పుస్తకంలో ఇంకెక్కడా దొరకదేమో.

కొవ్వొత్తి అంటే నాకు చాలా ఇష్టం, అందుకే ఇంకో మాట. మైకేల్ ఫారడే 1860 చివర్లో, 1861 మొదట్లో లండన్ రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో పిల్లల కోసం వరసగా ఉపన్యాసాలు ఇచ్చాడు. విషయం మొత్తం ఒక్క కొవ్వొత్తి. విద్యుత్తు మీద అంత పని చేసిన మనిషి పిల్లల ముందుకి తెచ్చిన వస్తువు అది. మీరూ ఒకటి చేసి చూపించండి, ఇది మాత్రం పెద్దవాళ్ల చేత్తోనే: కొవ్వొత్తి ఆర్పగానే వత్తి నుంచి తెల్లటి పొగ లేస్తుంది, వత్తికి తగలకుండా ఆ పొగకి కొంచెం పైన అగ్గిపుల్ల పెడితే మంట పొగ వెంట కిందికి దూకి వత్తి వెలుగుతుంది. కాలేది గట్టి మైనం కాదు, ఆవిరైన మైనం అన్న సంగతి పాప కళ్లముందే ఉంటుంది.

ప్రశ్న: మా పాపకి రెండున్నరేళ్లు. ఇప్పటి నుంచే ఏ సైన్స్ కిట్ కొనాలి?

జవాబు: ఏదీ వద్దు. నీళ్లు, ఇసుక, నాలుగు ప్లాస్టిక్ గిన్నెలు, ఒక జల్లెడ. పొయ్యనివ్వండి, ఒంపనివ్వండి. మీరు పక్కనే కూర్చోండి, ఎందుకంటే కాసిన్ని నీళ్ల దగ్గర కూడా ఆ వయసు పిల్లల్ని ఒంటరిగా వదలకూడదు.

ప్రశ్న: మా అమ్మాయి ఒకటో తరగతి. బరువున్నవి మునుగుతాయి, తేలికవి తేలుతాయి అంటుంది. అది తప్పని, సాంద్రత అని ఒకటుంటుందని ఎన్నోసార్లు చెప్పాను. తలూపుతుంది, మళ్లీ అదే మాట. ఎలా ఎక్కించాలి?

జవాబు: సాంద్రతని, అంటే వస్తువు పరిమాణానికి ఎంత బరువుందన్న లెక్కని, కొన్నాళ్లు పక్కన పెట్టండి సార్. పాప చెప్పేది తప్పే అయినా, ఆ తప్పు అనుభవం నుంచి వచ్చింది, రాయి మునగడం ఆకు తేలడం చూసింది కాబట్టే అలా అంటోంది. అనుభవంతో వచ్చిన నమ్మకం మాటలతో పోదు, దానికి అడ్డం పడే ఇంకో అనుభవం కావాలి.

ఒక బకెట్ నీళ్లు, ఒక చిన్న గులకరాయి, దానికన్నా బాగా బరువున్న చెక్కముక్క. రెండూ పాప చేతుల్లో పెట్టి ఏది బరువో చెప్పించండి, ఏది మునుగుతుందో చెప్పించండి, వెయ్యనివ్వండి. మీరు ఏమీ అనకండి. ఆ మౌనం కష్టమే, కానీ మీరు నోరు తెరిస్తే పాప నీళ్లని వదిలేసి మీ మొహం చూస్తుంది. తర్వాత నీళ్లలో కరగని ప్లాస్టిసిన్ (బొమ్మలు చేసుకునే మెత్తటి మట్టిలాంటిది) ముద్ద ఇవ్వండి. ఉండలా చేసి వేస్తే మునుగుతుంది. అదే ముద్దని దొప్పలా పల్చగా చేసి నీళ్ల మీద పెడితే తేలుతుంది. బరువు మారలేదు, మారింది ఆకారం, అది పక్కకి నెట్టే నీళ్లు. ఆ దొప్పలో ఎన్ని చిన్న రాళ్లు పడతాయో చూద్దామంటే పాప ఓ గంటసేపు లేవదు.

వయసు సంగతి కూడా గుర్తుంచుకోండి. స్విట్జర్లాండ్‌కి చెందిన జాన్ పియాజే పిల్లల ఆలోచన మీద చేసిన పరిశీలనల్లో ఒకటి చాలా ప్రసిద్ధం. వెడల్పు గ్లాసులోని నీళ్లని పిల్లవాడి ముందే సన్నటి పొడుగు గ్లాసులోకి ఒంపితే, సుమారు ఏడేళ్ల లోపు పిల్లలు చాలామంది ఇప్పుడు నీళ్లు ఎక్కువయ్యాయంటారు. కళ్లముందు ఒంపినా సరే. అలాంటి వయసులో బరువునీ పరిమాణాన్నీ ఒకేసారి మనసులో పెట్టుకుని భాగించమంటే ఎలా కుదురుతుంది? "బరువున్నా కొన్ని తేలతాయి, ఆకారం మారిస్తే కూడా తేలతాయి" అన్నంత వరకు వస్తే ఒకటో తరగతికి అది చాలా దూరం. పరీక్షలో ఒక మాట రాయడానికి అదేం అడ్డు కాదు.

ప్రశ్న: మనవడు అడిగే ప్రశ్నలకి నాకు జవాబులు రావు. ఈక ఎందుకు నెమ్మదిగా పడుతుంది అన్నాడు. సైన్స్ చదువుకోని నేను వాడితో ఇవన్నీ చేయించొచ్చా? ప్రమాదాలేమైనా ఉంటాయా?

జవాబు: నిక్షేపంగా చేయించొచ్చండీ. "నాకూ తెలీదురా, చూద్దాం పద" అనగలిగితే చాలు, పిల్లలకి అంతకన్నా మంచి తోడు దొరకదు. ఈక సంగతికి రెండు ఒకేలాంటి కాగితాలు తీసుకోండి. ఒకటి అలాగే ఉంచి, రెండోది ఉండలా నలిపి, ఒకే ఎత్తు నుంచి ఒకేసారి వదలమనండి. బరువు ఒకటే అయినా ఉండ ముందు పడుతుంది. అంటే మధ్యలో ఏదో అడ్డుకుంటోంది, అదే గాలి. మరి గాలి లేని చోట? 1971లో అపోలో 15 యాత్రలో డేవిడ్ స్కాట్ చంద్రుడి మీద నిలబడి ఒక సుత్తినీ ఒక ఈకనీ ఒకేసారి వదిలాడు, రెండూ ఒకేసారి నేలకి తగిలాయి. ఆ వీడియో ఉంది, మనవడికి చూపించండి, కాగితాలు వదిలాకే సుమా, ముందు కాదు.

ప్రమాదాల గురించి మాత్రం గట్టిగా చెప్పాలి. గుండీల్లా ఉండే చిన్న బ్యాటరీలు పిల్లల చేతికి అసలు ఇవ్వొద్దు. మింగితే రెండు గంటల్లోనే గొంతు లోపల తీవ్రంగా కాలిపోవచ్చు. మింగారన్న అనుమానం వచ్చినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి, ఏమవుతుందో చూద్దామని ఆగకూడదు. బాగా బలమైన చిన్న అయస్కాంతాలూ అంతే, రెండు మింగితే పేగుల్ని మధ్యలో ఇరికించుకుని లోపల అతుక్కుంటాయి. అయస్కాంతంతో ఆడించాలనుకుంటే నోట్లో పట్టనంత పెద్దది కొనండి. నీళ్లలో వేస్తే ఉబ్బే రంగు గోళీలు కూడా కడుపులో ఉబ్బి పేగుకి అడ్డం పడతాయి, అందంగా ఉన్నాయని తేవొద్దు. భూతద్దం ఇచ్చినప్పుడు దానితో సూర్యుణ్ణి చూడకూడదని ముందే చెప్పి, పక్కన నిలబడండి. గింజలు ముక్కులో చెవిలో పెట్టుకునే వయసైతే లెక్కపెట్టి ఇచ్చి, లెక్కపెట్టి తీసుకోండి.

ప్రశ్న: స్కూల్లో చెప్పారని చిక్కుడు గింజలు తడి దూదిలో పెట్టాం. అందరివీ మొలిచాయి, మావి కుళ్లి వాసన వచ్చాయి. పాప ఏడుపు. ఎవరికీ తెలియకుండా మొలిచిన గింజలు తెచ్చి పెట్టేద్దామా అనిపిస్తోంది.

జవాబు: పెట్టకండి, దయచేసి. ఆ కుళ్లిన గింజల్నే స్కూలుకి పంపండి. టీచర్‌కి ఒక చీటీ రాయండి, "మావి మొలవలేదు, ఎందుకో కనుక్కుంటున్నాం" అని. ఆ క్లాసులో అందరికన్నా ఆసక్తికరమైన ప్రశ్న మీ పాప దగ్గరే ఉంది.

ఎక్కువసార్లు జరిగేది ఏమిటంటే, ప్రేమకొద్దీ నీళ్లు ఎక్కువ పోస్తారు. గింజకి నీళ్లతో పాటు గాలి కూడా కావాలి, పూర్తిగా మునిగిపోతే ఊపిరాడదు, కుళ్లుతుంది. కానీ ఇది పాపకి చెప్పేయకుండా నాలుగు గ్లాసులు పెట్టండి. ఒకదాంట్లో పొడి దూది, ఒకదాంట్లో పిండేసిన తడి దూది, ఒకదాంట్లో గింజ మునిగేంత నీళ్లు. నాలుగోది రెండోదానిలాగే పిండేసిన తడి దూదే, కానీ చీకటి అలమరాలో. ఏది మొలుస్తుందో, ఏది ముందు మొలుస్తుందో గ్లాసు మీదే పాప చేత బొమ్మ గీయించండి. రోజూ ఒకే వేళకి చూడమనండి, దూది ఆరుతుంటే నాలుగు చుక్కలు వెయ్యమనండి. మొలక పొడవు స్కేలుతో కొలవడం రాకపోతే దారం ముక్క కత్తిరించి కాగితం మీద అతికించమనండి, రోజుకొక దారం. వారం తిరిగేసరికి ఆ దారాలే గ్రాఫ్ అవుతాయి.

అలమరాలోది చూసినప్పుడు పాప మొహం చూడాలి మీరు. చీకట్లో ఉన్నది మొలవదనుకుంటారు పిల్లలు, చాలామంది పెద్దలు కూడా. కానీ అది మొలుస్తుంది, వెలుతురులోదాని కన్నా పొడుగ్గా కూడా లేస్తుంది, సన్నగా, పాలిపోయి, పసుపు రంగులో. గింజలో దాచుకున్న ఆహారమంతా ఖర్చుపెట్టి వెలుతురు కోసం వెతుక్కుంటోంది. మరి దీన్ని ఇప్పుడు కిటికీ దగ్గర పెడితే పచ్చబడుతుందా, ఎన్ని రోజులకి? ఆ జవాబు నేనిక్కడ రాయను, పాప ఊహ ముందు గ్లాసు మీద రాయించండి.